పెట్టె మీద చీనీ

మా అన్నకు టీవీలో పార్లమెంటు వస్తుంటే క్రికెట్టు అక్కర్లేదు. ఎవరు లేచారు, ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎవరి మీద కేకలేశారు, అన్నీ ఆయనకు కావాలి. అనంతపురం పక్కన మెట్టపొలంలో తోట పెట్టుకున్న మనిషికి ఢిల్లీ గలాటాతో ఏం పని అని నేను విసుక్కునేదాన్ని. ఆ ఏడు మాత్రం ఆ గలాటా సముద్రం దాటి నేరుగా నా టేబుల్ మీదికొచ్చి పడింది.

నేను దోహాలో పళ్ళూ కూరగాయలూ దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో పనిచేస్తాను. ఇల్లు అల్ ముంతజాలో, ఆఫీసు అల్ సద్‌లో. ఏ దేశం నుంచి ఏ పండు వచ్చింది, ఎన్ని పెట్టెలు వచ్చాయి, ఎంత పాడైంది, ఇవి కంప్యూటర్‌లో ఎక్కించడం నా డ్యూటీ. ఈజిప్టు నారింజలు, ఇరాన్ పుచ్చకాయలు, ఆఫ్రికా అవకాడోలు రోజూ నా వేళ్ళ కింద నుంచే పోతాయి. ఇన్నేళ్ళలో మా జిల్లా కాయ ఒక్కటీ పోలేదు. దాని గురించి నాకు పెద్ద దిగులు కూడా లేదు. ఎవరి పని వాళ్ళది అనుకునేదాన్ని.

ఇంతకీ మా అన్నది చీనీతోట. చీనీ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మిగతా తెలుగువాళ్ళు బత్తాయి అనే కాయను మా అనంతపురం, కడప వైపు చీనీ అంటాం. చీనీకాయ, చీనీచెట్టు, చీనీరసం. జ్వరమొచ్చినవాణ్ణి చూడబోతే చీనీకాయలే పట్టుకుపోతాం. బత్తాయి అన్నవాణ్ణి ఎవరో ఊరు కాని ఊరివాడన్నట్టు చూస్తాం.

పరదేశాల్లో మన రైతు పంటకు మార్కెట్ పెంచే బిల్లొకటి ఆ రోజుల్లో చర్చకు వచ్చింది. అందులో ఏముందో నేను చదవలేదు. మా అన్న ఫోన్‌లో చెప్పిందే నాకు తెలుసు. చిన్న రైతు సంఘాలు కూడా దళారి చెయ్యి పట్టుకోకుండా బయటికి పంపుకునే దారి సులువు చేస్తారట. ఏ పంటైనా దాని సొంత పేరుతో, సొంత ఊరి పేరుతో అమ్ముకుంటే సర్కారు సాయం ఉంటుందట. ఈ రెండో ముక్క మా అన్నకు బాగా ఎక్కింది.

"పాపా, సొంత పేరుండాలంట పెట్టె మీద" అన్నాడు. నాకు నలభై దాటాయి, అయినా ఆయనకు పాపనే. "ఇన్నాళ్ళు మన కాయను బెంగుళూరోడు కొని వాని పేరు వేసుకుంటాండె. ఇంగ కుదరదు."

"బిల్లు ఇంకా పాసవలేద్నా."

"అవుతాది. నేను చూస్తానే ఉండా కదా."

ఆయన చూస్తే పాసవుతుందన్నట్టు మాట్లాడేవాడు. నాకు నవ్వొచ్చేది, కోపమూ వచ్చేది. కానీ ఆ మాటల కింద ఇంకో మాట ఉందని నాకు తెలుసు. రెండేళ్ళుగా బోరు సరిగ్గా నీళ్ళివ్వడం లేదు. చుట్టుపక్కల చీనీతోటలు ఒక్కొక్కటే పోతున్నాయి. కట్టెల వ్యాపారి రంపం మిషను పట్టుకుని ఊరూరూ తిరుగుతున్నాడు, మా అన్నను కూడా అడిగిపోయాడు. చిన్న మొక్కలప్పుడు కుండలతో నీళ్ళు మోసి బతికించిన తోట అది. ఆ మాట ఒక రోజు బయటికి వచ్చేసింది.

"నీకు ఆడ బజారు తెల్సు. కొన్ని పెట్టెలు పంపిస్తా. మీ ఊర్లో నిలబడ్తే తోట ఉంచుతా. లేదంటే ఎండబెట్టి చంపేదానికన్నా కట్టెలోనికి ఇచ్చేసేది మేలు. నువ్వు ఉంచమంటే ఉంచుతా, కొట్టేయమంటే కొట్టేస్తా. నీ మాటే."

అంత బరువు నా నెత్తిన పెట్టి ఆయన హాయిగా భోజనానికి లేచాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. తోట ఆయనది, చెట్లు ఆయనవి, నిర్ణయం మాత్రం ఏసీ గదిలో కూర్చుని లెక్కలెక్కించే నాది! మనసులో నాలుగు తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే మర్నాడు మా ముదీర్ గది తలుపు తట్టాను. ఇక్కడ మేనేజర్‌ని అందరూ ముదీర్ అనే అంటారు. మాకున్నది కేరళ మనిషి, మితంగా మాట్లాడతాడు. ఒకసారి విమానంలో తెప్పించి చూద్దాం, బాగుంటే ఆలోచిద్దాం అన్నాడు.

సరుకు విమానం దిగాక కస్టమ్స్ నుంచి విడిపించి తెచ్చేది నిజామాబాద్ వైపు ముస్లిం ఒకాయన. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, ఎయిర్‌పోర్టులో అరబ్బీ. నేను భాయ్ అంటాను, తను నన్ను అక్కా అంటాడు. ఆయనకు చెప్పాను, "భాయ్, మా అన్న చీనీ పంపిస్తున్నాడు, కొంచెం చూసి విడిపించాలి" అని.

"చీనీనా? ఖతర్ల చక్కెర దొరుకుతలేదా అక్కా?" అన్నాడు.

ఉర్దూలో చీనీ అంటే చక్కెర. ఆ రోజు ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. నవ్వి వదిలేశాం. అక్కడే నాకు బుద్ధి పుట్టి ఉండాల్సింది, పుట్టలేదు.

బిల్లు పాసైంది. మా అన్న ఫోన్ చేసి, తనే ఓటేసి గెలిపించినంత సంబరపడ్డాడు. చుట్టుపక్కల కొందరు రైతులతో సంఘం కట్టాడు, కాయలు ఏరాడు, కడిగాడు, తుడిచాడు. అట్టపెట్టెలు కూడా ప్రత్యేకంగా చేయించాడట. "ఫోటో పంపునా" అంటే పంపలేదు. "పెట్టెలు దిగినాంక నువ్వే చూస్తావులే" అని ఊరించాడు. బెంగుళూరులో సరుకు విమానమెక్కిందని తెలిసిన దగ్గర్నుంచి నేను కుర్చీలో నిలకడగా కూర్చోలేదు. ఫోన్ తీయడం, పెట్టడం. నీళ్ళు తాగడం, మళ్ళీ తాగడం. ఈజిప్టు నారింజల లెక్కను కెన్యా పేరు మీద ఎక్కించి ముదీర్ చేత చీవాట్లు తిన్నాను.

మర్నాడు పొద్దున భాయ్ ఫోన్.

"అక్కా, మాల్ ఆపిండ్రు. నువ్వొక్కసారి రావాలె."

"ఎందుకాపారు? కాయ పాడైందా?"

"కాయ మంచిగనే ఉన్నది. పెట్టె మీద రాసిన దానితోని పంచాయితీ. జల్ది రా."

ట్యాక్సీ ఎక్కాను. ఆగస్టు ఎండ అద్దంలోంచి కూడా కాలుస్తోంది. ప్రతి సిగ్నలూ నా కోసమే ఎర్రగా వెలుగుతున్నట్టనిపించింది. డ్రైవర్ని తొందరపెడితే "సిస్టర్, కెమెరా" అని పైకి చూపించాడు. తప్పు అతనిది కాకపోయినా కోపం అతని మీదే వచ్చింది.

కార్గో షెడ్డులో మా అన్న పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను. ఆకుపచ్చ రంగు పెట్టె, దాని మీద పండిన కాయ బొమ్మ, కింద బారెడంత ఇంగ్లీషు అక్షరాల్లో 'చీనీ', దాని కింద చిన్నగా మా జిల్లా పేరు. అంతటితో ఆగలేదు మా అన్న. అరబ్బు దేశానికి పంపుతున్నాం కదా అని, ఊళ్ళో ఉర్దూ బోర్డులు రాసే పెయింటర్ చేత అదే మాట ఆ లిపిలో కూడా రాయించాడు. చట్టం సొంత పేరు ఉండాలంది, ఆయన రెండు భాషల్లో పెట్టాడు. ఒక్క క్షణం గర్వంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి!

తనిఖీ చేసే అధికారి కుర్రవాడే, ఇక్కడివాళ్ళు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, తోబు, వేసుకుని మర్యాదగా ఉన్నాడు. పెట్టె మీద వేలు పెట్టి, "సీనీ?" అన్నాడు.

అరబ్బీలో సీనీ అంటే చైనాది. కాగితాల్లో ఇండియా అని ఉంది, పెట్టె మీద చైనా అని ఉంది. సరుకు ఎక్కడిదో దాచి తెస్తున్నారని ఆయన అనుమానం. ఆ లిపి చూసినా, ఇంగ్లీషు చదివినా ఆయనకు అదే వినిపిస్తోంది.

నేను రాకముందే భాయ్ సర్దిచెప్పబోయాడట. కంగారులో, "చైనా కాదు సార్, మా భాషలో చీనీ అంటే సుక్కర్" అనేశాడట. సుక్కర్ అంటే చక్కెర. దాంతో పండ్ల పెట్టె కాస్తా చక్కెర పెట్టె కూడా అయింది.

"చైనా సరుకా, చక్కెరా, పండా? ముందు మీలో మీరు తేల్చుకోండి" అన్నాడు అధికారి ఇంగ్లీషులో.

"ఇది పండు పేరు. మా జిల్లాలో ఇదే పేరు" అన్నాను.

"చైనా అనేది పండు పేరెలా అవుతుంది?"

అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి మాటలో వంకర లేదు, నిజంగానే తెలుసుకోవడానికి అడుగుతున్నాడు. కానీ పెట్టెలు చల్లగది బయట ఉన్నాయి, షెడ్డులో వేడి, లోపల మా అన్న కాయలు. నాకు ఓపిక ఎక్కడిది? రోజూ నేను కంప్యూటర్‌లో కొట్టే ఒక మాట నోటికొచ్చింది.

"మీరు నారింజను ఏమంటారు?" అన్నాను.

"బుర్తుగాల్."

"పోర్చుగల్ దేశాన్ని ఏమంటారు?"

ఆయన నోరు తెరిచి ఆగిపోయాడు. ఆ దేశం పేరూ దాదాపు అదే.

"మా కంపెనీకి రోజూ బుర్తుగాల్ వస్తుంది. అంతా ఈజిప్టుది. పోర్చుగల్ సరుకని మీరు ఒక్కనాడూ ఆపలేదు. మా చీనీ మాత్రం చైనాది ఎందుకవ్వాలి?"

భాయ్ నా మోచెయ్యి పట్టుకుని "నిదానం అక్కా" అన్నాడు. అధికారి ఒక క్షణం నన్నే చూసి, తర్వాత నవ్వేశాడు. పక్కనున్న ఇంకో అధికారిని పిలిచి అరబ్బీలో ఇదంతా చెప్పాడు, ఆయనా నవ్వాడు. ఒక పెట్టె విప్పించి, కాయ కోయించి, వాసన చూశారు. కాగితాలన్నీ మళ్ళీ తిరగేశారు. సరుకు ఇండియాదేనని ఒప్పుకున్నారు.

హమ్మయ్య అనుకునేలోపే, "కానీ ఈ మాట ఉండకూడదు" అన్నాడు. కొనేవాళ్ళు పొరబడతారట. ప్రతి పెట్టె మీదా రెండు భాషల్లోనూ ఆ మాట కొట్టేసి, దాని మీద సరైన పేరుతో స్టిక్కర్ అంటించాలి. ఈ రోజే అవ్వాలి. రేపటి దాకా ఆగితే ఆ కాయలు ఇక అమ్మకానికి పనికిరావు. ఆ ఆఖరి మాట ఆయన చెప్పలేదు, నాకే తెలుసు.

భాయ్ ఇండస్ట్రియల్ ఏరియాలో తెలిసిన ప్రింటింగ్ షాపుకు పరిగెత్తాడు. బర్వా అల్ బరాహా క్యాంపులో ఉండే మా లోడర్లను డ్యూటీ మధ్యలోంచి పిలిపించాను. ఆ హడావుడిలో ఫోన్ మోగుతూనే ఉంది. మా అన్న. తీస్తే కథంతా చెప్పాలి, ఆయన వంద ప్రశ్నలు వేస్తాడు, చట్టంలో అట్ల లేదే అంటాడు. నాకు అంత తీరిక లేదు. నల్ల మార్కర్ మూత పళ్ళతో లాగుతూ ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను.

"అనా, ఇక్కడ ఆఫీసర్లు ఒప్పుకోలేదు. చీనీ కొట్టేయాల. ఇంగ వేరే దారి లేదు, ఈ పొద్దే కొట్టేయాల. ఇప్పుడు ఫోన్ చేయద్దు, పనిలో ఉంటా. తర్వాత నేనే చేస్తా."

ఫోన్ బ్యాగులో పడేసి పనిలో దిగాను.

ఆ పని ఎలా సాగిందో ఇప్పటికీ నా చేతులకు గుర్తుంది. ముందు మార్కర్‌తో ఇంగ్లీషు మాట మీద గీత, తర్వాత ఉర్దూ మాట మీద గీత. పెయింటర్ ఎంత శ్రద్ధగా రాశాడో! ఆ వంపులు, ఆ చుక్కలు. మొదటి కొన్ని పెట్టెల మీద కొట్టేస్తుంటే చెయ్యి ఆడలేదు. తర్వాత అలవాటైపోయింది. భాయ్ తెచ్చిన స్టిక్కర్ల మీద అరబ్బీలో తియ్య నారింజ అనీ, ఇంగ్లీషులో మొసంబి, ఇండియా అనీ ఉంది. లోడర్లలో ఒకతను బీహార్ వాడు, "మొసంబీనే కదా మేడమ్, దీనికింత గొడవేంటి?" అన్నాడు హిందీలో. ఏం చెప్పను? వాళ్ళ ఊళ్ళో అది మొసంబీనే.

చెమటకు స్టిక్కర్లు జారిపోతున్నాయి. చున్నీతో పెట్టె తుడవడం, అంటించడం, అరచేత్తో నొక్కడం. లోపలి కాయలు ఉడికిపోతాయేమోనని మధ్యమధ్యలో మూత ఎత్తి తడిమి చూసేదాన్ని. గట్టిగానే ఉన్నాయి. మా నేలలో పండినవి కదా, అంత త్వరగా మెత్తబడవు అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మా అన్న మీద కోపం, పెయింటర్ మీద కోపం, సొంత పేరు పెట్టమన్న చట్టం మీద కోపం. ఢిల్లీలో ఆ ముక్క రాసినవాళ్ళలో ఒక్కరైనా ఇలాంటి షెడ్డులో నిలబడి ఉంటే బాగుండేది. పేరు మీది, దాన్ని చదివేవాడు వేరేవాడు అని వాళ్ళకు ఎవరు చెబుతారు?

చివరి పెట్టె అయ్యాక అధికారి వచ్చి చూసి, "యల్లా, ఖలాస్" అన్నాడు. అయిపోయింది, తీసుకుపొమ్మని. లోడర్లు పెట్టెలను చల్లటి ట్రక్కులోకి ఎక్కించారు. భాయ్ ఒక కాయ కోసి, సగం నాకిచ్చి సగం తను పీల్చాడు.

"మస్తుంది అక్కా. మా అమ్మకు పంపాలె గివి. మీ అన్నకు చెప్పి నిజామాబాద్‌కు ఓ పెట్టె ఎయ్యమను."

కాయ ఫోటోలు ముదీర్‌కు పంపాను. కాయ తిని చూడకముందే, ఫోటో చూసే, పై వారానికి ఇంకో లోడు అడగమన్నాడు. ఆయన అంత త్వరగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడే ఖాళీ చెక్క పేలెట్ మీద కూలబడి మా అన్నకు ఫోన్ చేశాను. మంచి మాట చెప్పేముందు కాసేపు ఏడిపించాలని కూడా అనుకున్నాను.

చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక ఏదో మిషను గట్టిగా రొద పెడుతోంది.

"అనా, నిలబడినాయి! మన కాయలు నిలబడినాయి. ఇంకో లోడు అడగతాండారు!"

రొద ఒక్కటే వినిపిస్తోంది.

"వినపడ్తాందా? ఏంటిది ఆ సద్దు?"

"రంపం మ్మా."

"ఎవరి తోటలోనా?"

"మన తోటలో." "నువ్వే కదా చెప్తివి, చీనీ కొట్టేయాల, ఈ పొద్దే కొట్టేయాల అని. పక్క తోటకాడ కట్టెలోడు మిషను పెట్టుకోని ఉండె. పిల్చినా."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత నేను పెట్టిన మెసేజ్ నా గొంతుతోనే నాకు వినిపించింది. చీనీ కొట్టేయాల. ఇంగ వేరే దారి లేదు.

"పెట్టె మీద పేరునా! పేరు! చెట్లు కాదు!" అని అరిచాను. షెడ్డులో అందరూ తిరిగి చూశారు. "ఆపమను! ఫస్టు ఆపమను!"

ఆయన ఫోన్ పక్కన పెట్టి కేకలేస్తూ పరిగెత్తడం వినబడింది. రొద కాసేపు అలాగే సాగింది, తర్వాత తగ్గింది, తర్వాత ఆగింది. ఆయాసపడుతూ వచ్చి ఫోన్ తీశాడు.

"ఆగినాది."

"ఎంత పోయిందినా?"

"బోరు కాడి సాలు."

బోరు దగ్గరి వరుస అంటే తోటలో మొట్టమొదట నాటినది. ఏ ఎండాకాలంలోనైనా పచ్చగా నిలిచేది అదే. ఈ పెట్టెల్లోకి ఏరిన కాయల్లో మంచివన్నీ ఆ వరుసవేనని తర్వాత చెప్పాడు. ఆ రోజు మాత్రం చెప్పలేదు.

"ఒక్క మాట అడగకూడదానా? నేను చెప్తే మాత్రం అట్ల కొట్టించేస్తావా?" అన్నాను. ఏడుపొచ్చింది, దాంతోపాటు ఆయన మీద పట్టలేనంత కోపమూ వచ్చింది.

"బిల్లు వచ్చినప్పుడు అందులో ఏముందో ఊర్లో చదువుకున్నోల్లందరినీ అడిగి తెల్సుకుంటి పాపా" అన్నాడు మా అన్న. ఆ గొంతులో తప్పు పట్టడం లేదు. అదే నాకు భరించలేనిదైంది. "నువ్వు చెప్పినాంక ఇంగెవర్ని అడగాల?"

ఫోన్ మాత్రం ఇద్దరం పెట్టలేదు. నా వేళ్ళ నిండా స్టిక్కర్ల జిగురు, నల్ల మార్కర్ మరకలు. ట్రక్కు తలుపులు వేసి భాయ్ పరుగున వచ్చాడు. నా మొహం చూసి భయపడ్డాడు.

"ఏమైంది అక్కా? మాల్ ఖరాబైందా?"

"లేదు భాయ్" అన్నాను. "మాల్ బాగుంది."